వస్త్రం పలికే సాక్ష్యం

ఒకనాడు దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) కూర్చుని ఉండగా ఆ దారిన ఒక వ్యక్తి నడిచి వెళ్లాడు. ఇతన్ని గురించి నీ అభిప్రాయం ఏమిటని ఆయన తమ ప్రక్కన కూర్చున్న సహచరుణ్ణి అడిగారు. ఇతడు ప్రజలలో పరువు గలవాడనీ, సంబంధం అడిగితే పిల్లనిస్తారనీ, ఎవరి తరఫునైనా సిఫారసు చేస్తే మన్నిస్తారనీ ఆ సహచరుడు జవాబిచ్చాడు. దైవప్రవక్త (స) మౌనం వహించారు. కొంతసేపటికి మరొక వ్యక్తి అదే దారిన వెళ్లాడు. మళ్లీ అదే ప్రశ్న. ఇతడు పేద ముస్లిములలో ఒకడనీ, సంబంధం అడిగితే ఇవ్వరనీ, సిఫారసు చేస్తే మన్నించరనీ, మాట్లాడితే చెవిని వేసుకోరనీ సమాధానం వచ్చింది. మొదటివాని వంటివారు భూమి నిండా ఉన్నా వారందరికంటే ఈ ఒక్కడే మేలైనవాడని దైవప్రవక్త (స) సెలవిచ్చారు. హజ్రత్ సహల్ బిన్ సఅద్ (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది.

ఆ ఇద్దరూ అక్కడ ఆగలేదు. ఒక్క మాటైనా పలుకలేదు. దారిన పోయారు, అంతే. అయినా వారిపై లోకం తీర్పు సిద్ధంగానే ఉంది. ఆ సహచరుడు తన సొంత అభిప్రాయం గాక, సమాజం ఆ ఇద్దరినీ ఎలా చూస్తున్నదో ఉన్నదున్నట్లు విన్నవించాడని నా భావన. ఆయన చెప్పిన కొలమానాలు మూడు: పిల్లనివ్వడం, సిఫారసు మన్నించడం, మాట వినడం. పదునాలుగు శతాబ్దాలు గడిచాయి. మన పెళ్లి సంబంధాలలో, కార్యాలయాలలో, సభలలో నేటికీ నడుస్తున్నవి ఆ మూడే. ఈ ఉల్లేఖనంలో దుస్తుల ప్రస్తావన లేదు. కాని ముక్కూమొహం తెలియని మనిషి హోదాను మనం అంచనా కట్టేది మొట్టమొదట అతని ఒంటిమీది బట్టను చూసే కదా!

ఈ అంచనా ఎంత వేగంగా జరిగిపోతుందో అమెరికాలోని ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రకటించిన అధ్యయనాలు చూపాయి. వారు మనుషుల ఛాయాచిత్రాలు తీసుకుని, ఒకే ముఖానికి ఒకసారి కాస్త ఖరీదైనవిగా తోచే దుస్తులను, మరోసారి కాస్త చవకవిగా తోచే దుస్తులను జతచేసి చూపించారు. ఖరీదైన దుస్తులలో కనిపించిన ముఖానికే ఎక్కువ సమర్థత ఉన్నట్లు చూసినవారు చెప్పారు. బొమ్మను సెకనులో ఎనిమిదో వంతు కాలం మాత్రమే చూపినా అదే ఫలితం. దుస్తులను పట్టించుకోవద్దని ముందుగానే హెచ్చరించినా, సరిగ్గా అంచనా వేసినవారికి డబ్బు ఇస్తామని ఆశపెట్టినా ఆ మొగ్గు పోలేదు. అంటే, చూపు వెళ్లి బట్టకు తగలడమూ, మనసులో ఏదో ఒక ముద్ర పడడమూ మన అదుపులో లేని విషయాలు. ఆ ముద్రను పట్టుకుని మనం ఏం చేస్తామన్నది మాత్రం మన అదుపులోనే ఉంది. రేపు అల్లాహ్ సమక్షంలో లెక్క చెప్పుకోవలసింది దానికే.

ఇక్కడ కొందరు ధార్మికులు తొందరపడి ఒక నిర్ణయానికి వస్తారు. లోకం వేషాన్ని చూసి మోసపోతుంది కాబట్టి వేషాన్ని అసలు లెక్కచేయకపోవడమే దైవభీతి అనుకుంటారు. నలిగిన కుర్తా, మాసిన టోపీ, ఉతకని లుంగీ వైరాగ్యానికి గుర్తులైపోతాయి. దివ్య ఖుర్ఆన్ బోధ అది కాదు. అల్ ఆరాఫ్ సూరాలో అల్లాహ్ ఆదం సంతతిని ఉద్దేశించి వస్త్రాన్ని తన అనుగ్రహంగా పేర్కొన్నాడు. దానికి రెండు ప్రయోజనాలు చెప్పాడు. ఒకటి మానాన్ని కప్పడం, రెండవది అలంకారం. ఈ రెండవదానికి వాడిన ‘రీష్’ అనే అరబీ పదానికి పక్షి ఈకలు అని అర్థం. ఈకలు ఊడిన పక్షి ఎలా ఉంటుందో ఊహించుకుంటే చాలు, ఆ పదంలోని సొగసు బోధపడుతుంది. ఆ తరువాతే దైవభీతి అనే వస్త్రం అన్నిటికంటే శ్రేష్ఠమైనదని అదే వాక్యం తెలుపుతుంది. శ్రేష్ఠమైనది వేరొకటి ఉందని చెప్పడం మొదటి రెండింటినీ కొట్టివేయడం కాదు.

హజ్రత్ మాలిక్ బిన్ నజ్లా (రజి) నాసిరకం దుస్తులతో దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చారు. నీకు సంపద ఉందా అని ఆయన అడిగారు. ఒంటెలు, గొర్రెలు, గుర్రాలు, సేవకులు, అన్నీ ఉన్నాయని మాలిక్ (రజి) చెప్పుకున్నారు. అలాగైతే అల్లాహ్ నీకు ప్రసాదించిన అనుగ్రహం నీ మీద కనిపించాలి అని దైవప్రవక్త (స) ఉపదేశించారు. మరొక సందర్భంలో మురికి బట్టలు వేసుకున్న మనిషిని చూసి, బట్టలు ఉతుక్కోవడానికి ఇతనికి ఏమీ దొరకలేదా అని ఆయన విచారం వ్యక్తం చేశారు. ఈ రెండు ఉల్లేఖనాలూ అబూ దావూద్ గ్రంథంలో ఉన్నాయి. మొదటివానిని ఉన్నదానికి తగినట్లు కట్టుకోమన్నారు. రెండవవాని విషయంలో అడిగింది నీళ్ల గురించే గాని ధర గురించి కాదు. పేదవాడు కొత్తబట్ట కొనలేకపోవచ్చు. పాతబట్టను ఉతుక్కోగలడు.

ఇమామ్ అబూ హనీఫా (రహ్మలై) కూఫా నగరంలో బట్టల వ్యాపారి అన్న సంగతి పాఠకులకు తెలిసే ఉంటుంది. పట్టు, ఉన్ని కలిపి నేసే ‘ఖజ్’ అనే వస్త్రం ఆయన అంగడి సరుకు. ఆయన చక్కగా దుస్తులు ధరించేవారని చరిత్రకారులు రాశారు. ఒకనాడు ఆయన సభకు ఒకాయన చిరిగిన బట్టలతో వచ్చాడు. ఇమామ్ అతన్ని అందరూ వెళ్లేవరకు కూర్చోబెట్టి, నమాజు చాప ఎత్తి దాని క్రింద ఉన్నది తీసుకోమన్నారు. అక్కడ వెయ్యి దిర్హమ్‌లు ఉన్నాయి. తాను కలిగినవాడిననీ, ఆ సొమ్ముతో తనకు పని లేదనీ అతను చెప్పాడు. అల్లాహ్ అనుగ్రహపు జాడ దాసునిపై కనిపించాలన్న హదీసును ఇమామ్ అతనికి గుర్తుచేసి, నిన్ను చూసి నీ మిత్రుడు బాధపడకుండా ఉండేందుకైనా నీ స్థితిని మార్చుకోమని చెప్పారు. ఈ చివరి మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. మన బట్ట మనకు కనిపించేది తక్కువ, ఎదుటివారికి కనిపించేది ఎక్కువ. కాబట్టి దానిలో ఎదుటివారి హక్కు కూడా కొంత ఉన్నది. అందరూ వెళ్లేవరకు ఆగిన ఇమామ్ మర్యాదను కూడా విస్మరించకూడదు.

పరాయివారి ఎదుటికి వెళ్లేటప్పుడు ఈ బాధ్యత ఇంకా పెరుగుతుంది. హజ్రత్ ఉమర్ (రజి) మస్జిద్ వాకిట అమ్మకానికి వచ్చిన ఒక పట్టు దుస్తులను చూసి, జుమా రోజున, బయటి ప్రాంతాల ప్రతినిధులు వచ్చినప్పుడు ధరించడానికి వాటిని కొనవచ్చు కదా అని దైవప్రవక్త (స)కు సూచించారు. పట్టు పురుషులకు నిషిద్ధం గనుక ఆయన నిరాకరించారు. ధర్మపండితులు ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గ్రహించారు. ఆయన కాదన్నది పట్టును. ప్రతినిధుల కోసం మంచి దుస్తులు ధరించాలన్న ఆలోచనను కాదు. ఇమామ్ బుఖారీ (రహ్మలై) తమ సహీహ్ గ్రంథంలో రాయబారుల కోసం అలంకరించుకోవడం అనే శీర్షికతో ఒక అధ్యాయమే పెట్టి ఈ హదీసును చేర్చారు.

దీనికి ఆచరణలో ఉదాహరణ హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అబ్బాస్ (రజి) జీవితంలో కనిపిస్తుంది. హజ్రత్ అలీ (రజి) ఖిలాఫత్ కాలంలో ఖవారిజ్‌లు వేరుపడి హరూరా అనే చోట గుమిగూడారు. వారితో వాదించి నచ్చజెప్పడానికి ఇబ్నె అబ్బాస్ (రజి) బయలుదేరుతూ యెమన్ దేశపు మేలైన దుస్తులు ధరించారు. అవతలివారు నిరంతరం ఆరాధనలలో మునిగి, శరీరాలను శుష్కింపజేసుకున్నవారు. ఆయనను చూడగానే వారు అడిగిన మొదటి మాట ఆ దుస్తుల గురించే. దైవప్రవక్త (స) ఒంటిపై అత్యుత్తమమైన దుస్తులు చూశానని ఆయన బదులిచ్చి, ఆ పిమ్మట అసలు చర్చలోకి దిగారు. ఆ చర్చ ముగిసేసరికి వారిలో అనేకులు తమ పొరపాటు గ్రహించి వెనుదిరిగారు. మరి ఆయన చినిగిన బట్టలతో వెళ్లి ఉంటే వారికి మరింత నచ్చేవారేమో! కాని వారి పొరపాటులో ఒక భాగం అదే. కఠినంగా కనిపించేదే ధర్మమన్న భ్రమను ఆయన నోటితో ఖండించకముందే దుస్తులతో ఖండించారు.

అదే హజ్రత్ ఉమర్ (రజి) ఖలీఫాగా బైతుల్ మఖ్దిస్ నగరాన్ని స్వాధీనం చేసుకోవడానికి వెళ్లినప్పుడు అతుకుల బట్టలతోనే వెళ్లారు. ఆ ప్రాంతపు ప్రముఖులు ఏమనుకుంటారోనని సహచరులు సంకోచిస్తే, ఇస్లాం ద్వారా అల్లాహ్ మనకు గౌరవం ఇచ్చాడు, మరొకదానిలో గౌరవం వెదకబోమని ఆయన చెప్పారు. ఈ రెండు ఘట్టాలూ పరస్పర విరుద్ధమా? నాకు అలా తోచదు. జయించినవాడు నిరాడంబరంగా వెళితే ఓడినవారి గుండెకు భయం తగ్గుతుంది. నచ్చజెప్పడానికి వెళ్లేవాడు చక్కగా వెళితే వినేవారి చెవి తెరుచుకుంటుంది. ఎదుట ఎవరున్నారు, వారికి ఏది మేలు అన్న స్పృహ ఇద్దరిలోనూ ఉంది. తమను చూసి ఎవరైనా మెచ్చుకోవాలన్న కోరిక ఇద్దరిలోనూ లేదు.

ఆ కోరిక ప్రవేశించిన చోటే వస్త్రం పాడవుతుంది. కీర్తి కోసం దుస్తులు ధరించేవానికి ప్రళయదినాన అవమానపు దుస్తులు తొడిగించడం జరుగుతుందని హదీసులలో హెచ్చరిక ఉంది. పండితులు దీనిని జరీ అంచులకే పరిమితం చేయలేదు. లోకం తనను గొప్ప విరాగి అనుకోవాలని ముతక బట్ట కట్టేవాడూ ఇందులోకే వస్తాడన్నారు. మంచి బట్ట, మంచి చెప్పులు ఇష్టపడడం అహంకారమా అని ఒకరు అడిగినప్పుడు, కాదు, సత్యాన్ని తిరస్కరించడమూ మనుషులను చులకన చేయడమూ అహంకారమని దైవప్రవక్త (స) వివరించారు.

ఆ చులకనభావం మన తెలుగు నేలపై ఎక్కడ నివసిస్తున్నదో చెప్పుకోవలసిన అవసరం ఉంది. హైదరాబాదు ముస్లిం కుటుంబాలలో కట్నానికి వాడుకలో ఉన్న పేరు ‘జోడే కీ రఖం’. జోడా అంటే ఒక జత బట్టలు. పెళ్లికొడుకు దుస్తులకయ్యే సొమ్ము అని ఆ మాటకు అర్థం. ఒక షేర్వానీ, ఒక పైజామా, ఒక తలపాగా కుట్టించడానికి లక్షలు అక్కరలేదని పెద్దలందరికీ తెలుసు. అయినా బట్టల పేరు చెప్పి సొమ్ము అడుగుతాం, ఎందుకంటే బట్టల పేరు చెబితే సిగ్గు అనిపించదు. ధర్మం వరునిపై మహర్ విధిస్తే మనం వధువు తండ్రిపై జోడా విధించాం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం ఇవ్వడమూ పుచ్చుకోవడమూ నేరాలే. ఎన్ని ముద్దుపేర్లు పెట్టినా చట్టానికి గాని, షరీఅత్‌కు గాని ఆ సొమ్ము స్వభావం మారదు. పెళ్లి మంటపంలో నాలుగు గంటలు మెరిసే ఖడా దుపట్టా కోసం నాలుగేళ్లు అప్పు తీర్చే కుటుంబాలు మన చుట్టూ ఉన్నాయి. చూసినవారు ఏమనుకుంటారో అన్న భయమే ఆ అప్పుకు మూలం. చూసేది ఎవరో కాదు, మనమే. విందులో కూర్చుని పెళ్లికూతురి దుస్తుల ధర అడగడం మన స్త్రీలు, మన పురుషులు మానుకుంటే ఆ భయంలో సగం తగ్గుతుంది.

మరొకటి. ఆంధ్ర ప్రాంతపు పల్లెలలో దూదేకుల, నూర్‌బాషా సోదరులు తరతరాలుగా తెలుగే మాట్లాడుతూ, చుట్టుప్రక్కలవారి వలెనే పంచె, చీర కడుతూ కలిమా చదువుతూ వస్తున్నారు. దూదిని ఏకి మనందరి పరుపులకూ దుప్పట్లకూ మెత్తదనం ఇచ్చిన వృత్తి వారిది. ఉర్దూ మాట్లాడే షేర్వానీల మధ్యకు వారు వచ్చినప్పుడు కొన్ని చోట్ల వారికి దక్కే చూపు ఎలాంటిదో వారిని అడిగితే చెబుతారు. ఆ చూపుకు ధర్మంలో ఏ ఆధారమూ లేదు. దైవప్రవక్త (స) ఉన్ని, నూలు ఏది లభిస్తే అది ధరించారు. యెమన్ చారల వస్త్రమంటే ఆయనకు ఇష్టం. ఒక ప్రయాణంలో ఆయన సిరియా దేశపు జుబ్బా వేసుకున్నారనీ, దాని చేతులు ఇరుకుగా ఉండి వుజూ చేయడానికి మోచేతులు పైకి తోయడం కుదరక, జుబ్బా క్రిందినుంచి చేతులు బయటికి తీశారనీ హజ్రత్ ముగైరా (రజి) తెలిపారు. పరాయి దేశపు కుట్టు ఆయనకు అభ్యంతరం కాలేదు. మానం కప్పాలి, బిగుతుగా పలుచగా ఉండకూడదు, పురుషునికి పట్టు కూడదు, గర్వం ఉండకూడదు. ఇలాంటి హద్దులు షరీఅత్ పెట్టింది గాని కత్తిరింపు ఫలానా ఊరిదే కావాలని చెప్పలేదు. హద్దులు పాటించే పంచె షేర్వానీకి ఏ విధంగానూ తీసిపోదు.

బయటి సమాజం మనవైపు చూసే చూపు గురించి మనం తరచూ వాపోతాం. అందులో నిజం ఉంది. 2022లో కర్నాటక కళాశాలల వాకిళ్లలో హిజాబ్ ధరించిన విద్యార్థినులను నిలిపివేసినప్పుడు ఆ బాలికల మార్కుల పట్టికలు ఎవరూ అడగలేదు. తలపై ఉన్న గుడ్డ ఒక్కటే కనిపించింది. ఆ ఏడాది మార్చి 15న హైకోర్టు ప్రభుత్వ ఉత్తర్వును సమర్థించగా, అక్టోబర్ 13న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తులు భిన్నమైన తీర్పులు ఇచ్చారు. ఒక గుడ్డను చూసి మనిషిని నిర్ణయించడం ఎంత అన్యాయమో మనకు ఇతరులు చెప్పనక్కరలేదు. అందుకే ఆ అన్యాయం మన ఇంట్లో, మన మస్జిద్ మొదటి వరుసలో జరిగినప్పుడు మనం మరింత నొచ్చుకోవాలి. పని బట్టలతో మస్జిద్‌కు వచ్చిన మేస్త్రీని వెనుక వరుసకు జరగమని సైగ చేసేవారున్నారు. అతని బట్టకు అంటింది సిమెంటే గాని అశుద్ధం కాదు. అతని నమాజుకు ఆ దుమ్ము అడ్డం రాదు.

మదరసాలో నాలాంటి ఉపాధ్యాయులకు వస్త్రం విలువ ప్రతి గురువారం కనిపిస్తుంది. శుక్రవారం సెలవు గనుక గురువారం మధ్యాహ్నం పిల్లలు బట్టలు ఉతుక్కుంటారు. రెండు జతలు ఉన్నవాడు ఆడుకోవడానికి పోతాడు. ఒక్క జతే ఉన్నవాడు లుంగీ చుట్టుకుని తీగ దగ్గరే తచ్చాడుతుంటాడు. మరునాటి జుమాకు ఆ కుర్తా మడత నలగకుండా ఉండాలని రాత్రి తలగడ క్రింద పెట్టుకుని పడుకునే పిల్లలను ఎందరినో చూశాను. ఇస్త్రీపెట్టె లేని ఇస్త్రీ అది. అలాంటి పిల్లవాడు మరునాడు మస్జిద్‌లో తెల్లగా, చక్కగా కనిపిస్తాడు. చూసినవారు వీనికి ఏ లోటూ లేదనుకుంటారు.

దివ్య ఖుర్ఆన్ అల్ బఖరా సూరాలో సరిగ్గా ఈ మనుషులను గురించే ప్రస్తావించింది. వారి ఆత్మాభిమానాన్ని చూసి తెలియనివాడు వారిని కలిగినవారిగా భావిస్తాడనీ, వారు మనుషుల వెంటపడి అడగరనీ, వారి ముఖకవళికలను బట్టి గుర్తించగలవనీ ఆ వాక్య సారాంశం. మాసిన బట్టను చూసి మనిషిని తక్కువ చేయడం ఒక తప్పు. ఉతికిన బట్టను చూసి అవసరం లేదనుకుని ప్రక్కకు తప్పుకోవడం దానికి తోడుబోయిన తప్పు. రెండింటిలోనూ మనం బట్ట ఇచ్చిన సాక్ష్యంతోనే తీర్పు చెప్పేశాం. మామూలు ఆస్తి తగాదాలోనైనా షరీఅత్ ఇద్దరు సాక్షులను అడుగుతుంది.

ముజర్ తెగకు చెందిన కొందరు చారల ఉన్ని దుప్పట్లు మెడలో వేసుకుని, ఒంటిపై సరైన బట్ట లేక మదీనాకు వచ్చిన రోజు దైవప్రవక్త (స) ముఖం రంగు మారిపోయింది. హజ్రత్ జరీర్ (రజి) కథనం ప్రకారం ఆయన ఇంట్లోకి వెళ్లి, బయటికి వచ్చి, నమాజు చేయించి, ప్రజలను దానం చేయమని ప్రోత్సహించారు. ఒక అన్సారీ మోయలేనంత సంచి తెచ్చారు. ఆ తరువాత ఒకరి వెంట ఒకరు. ధాన్యం ఒక కుప్ప, బట్టలు ఒక కుప్ప పెరిగాక ఆయన ముఖం బంగారంలా వెలిగిందని జరీర్ (రజి) తెలిపారు. ఎదుటివాని చినిగిన బట్ట ఆయనలో పుట్టించిన ప్రతిస్పందన ఇది. వచ్చినవారి కులగోత్రాలూ నడవడీ విచారించేవరకు ఆగలేదు.

మన ఊళ్లలో పండుగ బట్టల దానం ఎక్కువగా రమజాన్ ఇరవై ఏడవ రాత్రి ప్రాంతంలో జరుగుతుంది. ఇచ్చేవారి ఉద్దేశం మంచిదే గాని లెక్క తప్పుతున్నది. రమజాన్ సగమయ్యేసరికే దర్జీలు కొత్త బట్ట తీసుకోవడం ఆపేస్తారు. చివరి రోజుల్లో అందిన బట్ట పెట్టెలోనే ఉండిపోతుంది. పిల్లవాడు పండుగకు పాత కుర్తాతోనే ఈద్గాకు వెళతాడు. కుట్టుకూలి కూడా ఇవాళ చిన్న మొత్తం కాదు. బట్ట ఇచ్చి కూలి ఇవ్వకపోతే ఆ తల్లికి అది అదనపు ఖర్చే. షాబాన్ నెలలోనే వీధిలోని దర్జీతో మాట్లాడి, ఫలానా ఇంటివారు వస్తే వారు కోరిన బట్ట కొలిచి కుట్టి ఇవ్వమని, సొమ్ము ముందుగా అతని చేతిలో పెట్టేవారు కొందరు నాకు తెలుసు. ఇచ్చినవారి పేరు దర్జీ చెప్పడు. కొలతలు ఇవ్వడానికి పిల్లవాడు తండ్రి చేయి పట్టుకుని అందరి వలెనే దుకాణానికి వెళతాడు. ఏ రంగు కావాలో వాడే చెబుతాడు.